పూర్తి పేరు అడిగితే

ఇంట్లో శామ్యూల్, కాలేజీలో శ్యామ్. చర్చిలో ఎస్తేరు, ఆఫీసులో స్వాతి. పాతబస్తీలో మా యౌవనస్థుల కూడికకు వచ్చే పిల్లల్లో ఇలా రెండు పేర్లతో తిరిగేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. రెండు పేర్లుండటం తప్పేమీ కాదు. మన తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు ఊళ్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు ఉండేవి. నేను చెప్పబోయేది వేరే సంగతి. ఎవరైనా "పూర్తి పేరేంటి?" అన్నప్పుడు నోరు ఒక్క క్షణం ఆగిపోతుంది చూడు, ఆ క్షణం గురించే ఈ అధ్యాయం.

ఆ క్షణం నాకూ తెలుసు. మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక సహోద్యోగి "మీరు క్రిస్టియన్సా?" అని అడిగాడు. అందులో ఎగతాళి లేదు. డబ్బా మూత తీస్తూ మామూలుగా అడిగాడు. "మా అమ్మ చర్చికి వెళ్తుంది" అన్నాను. అబద్ధం కాదు. కానీ ముందు ఆదివారమే సంఘంలో నిలబడి వాక్యం చదివినవాణ్ని నేను. ఆ సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, మూసీ దాటి ఇంటికి నడుస్తుంటే కడుపులో ఏదో దేవినట్టు ఉంది. పేతురు తన ప్రభువును ఎరగనన్నది రాజు ముందు కాదు, గవర్నరు ముందు కాదు. చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే అన్నాడు. నన్ను ఓడించిందీ అలాంటి చిన్న ప్రశ్నే.

తర్వాత కొన్నాళ్లు దానికి విరుగుడుగా ఇంకో తప్పు చేశాను. బండి మీద పెద్ద స్టిక్కర్ అంటించాను. అడిగినవాడికీ అడగనివాడికీ వాక్యాలు అప్పజెప్పాను. పక్కింటివాళ్ల పండగను వాళ్ల ముందే తీసిపారేసి మాట్లాడాను. ధైర్యం వచ్చిందనుకున్నాను. నిజానికి భయం అలాగే ఉంది, గొంతు మాత్రం పెరిగింది. దాక్కునే కుర్రాణ్నీ అరిచే కుర్రాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టి "నువ్వు క్రీస్తును ఎందుకు నమ్ముతున్నావు? మీ ఇంటికి ఈ నమ్మకం ఎలా వచ్చింది?" అని అడిగి చూశాను. ఇద్దరి దగ్గరా సమాధానం లేదు. మన లోటు ధైర్యంలో లేదు, అక్కడ ఉంది. మన కథ మనకు తెలియదు. తెలియని కథను దాచుకోవాలనిపిస్తుంది, లేదా దాన్ని అరుపుతో కప్పెయ్యాలనిపిస్తుంది.

అందుకే మొదట మన కథ.

"ఇది దొరల మతం, బ్రిటిష్‌వాళ్లతో వచ్చింది" అని నీతో అంటారు. అన్నవాణ్ని ఒకసారి ఉప్పుగూడ తీసుకెళ్లు. అక్కడ ఆర్మీనియన్ల సమాధుల తోట ఉంది. 17వ శతాబ్దంలో, గోల్కొండను కుతుబ్ షాహీలు ఏలే కాలంలో, వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే కన్నుమూసిన క్రైస్తవులు వాళ్లు. రాళ్ల మీద ఆర్మీనియన్ లిపి చెక్కి ఉంటుంది. చార్మినార్ కట్టింది 1591లో. ఆ తర్వాతి వందేళ్లలోనే ఈ మట్టిలో క్రైస్తవులను ప్రార్థన చేసి పూడ్చారు. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం లేచింది ఇంకా చాలా కాలానికి.

అయితే ఆ సమాధులు మన తాతలవి కావు. మనలో ఎక్కువమంది తాతలు మెదక్, నల్గొండ, పాలమూరు పల్లెల నుంచో, కర్నూలు, గుంటూరు వైపు నుంచో కూలికీ నౌకరీకీ నగరానికి వచ్చినవాళ్లు. వాళ్ల గురించే ఒక మాట ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది: బియ్యం బస్తాకు మతం మారారని. ఆ మాట పడని క్రైస్తవ కుర్రాడు ఇవాళ లేడు. దానికి జవాబు ఒంగోలులో ఉంది. కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ కథ మన పిల్లల్లో పదిమందిలో ఒక్కరికి కూడా తెలియదు.

1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. తోలు పని చేసుకునే మాదిగ కులస్థుడు. మిషనరీ తన దగ్గరికి రాకముందు నుంచే ఆయన దేవుణ్ని వెతుకుతున్నాడు, యోగుల బోధలు విన్నాడు. ఆ వెతుకులాటలోనే క్రీస్తు గురించి తెలుసుకున్నాడు. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో అప్పుడే పని మొదలుపెడుతున్నాడు. పేరయ్య తన వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లి చెప్పాడు, వాళ్లు ఇంకొందరికి చెప్పారు. అలా పాకింది. పదేళ్ల తర్వాత, 1876లో, మహా కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఇప్పుడు నేను చెప్పేది బాగా గుర్తుపెట్టుకో. ఆ కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ రాకూడదని. అడిగినవాళ్లను కూడా ఆగమన్నాడు. కరువు తగ్గి, ఇవ్వడానికి కూలీ బియ్యమూ ఏమీ లేని రోజులు వచ్చాక అప్పుడు ద్వారం తెరిచాడు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మెదక్ కేథడ్రల్‌కు విహారయాత్రకు వెళ్లి ఫొటోలు దిగి వచ్చి ఉంటావు. అదీ కరువు కాలపు కట్టడమే. మిషనరీ పాస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టించి, పస్తులున్న పల్లె జనానికి పని చూపించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ రాళ్లు మోసినవాళ్లు తిన్నది కష్టపడి సంపాదించుకున్న అన్నం. ఇంకో సంగతి కూడా ఆలోచించు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి ఒకరు అక్షరం నేర్పి, పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వూ దేవుని బిడ్డవే" అంటే, ఆ మాట నమ్మి అతను వచ్చాడు. గౌరవం కోసం దేవుణ్ని వెతకడం సిగ్గుపడే కారణమా? నేనైతే మా తాతలు అందుకే వచ్చారని తల ఎత్తి చెబుతాను.

"విదేశీ" అన్న మాటకు ఇంకో రెండు జవాబులు ఉన్నాయి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తమిళుడు. తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను తన చోటు చేసుకున్నాడు. అక్కడ ఆయన కట్టించిన కేథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దానికి మసీదును తలపించే గుమ్మటాలు, గుడిని తలపించే స్తంభాలు. మన నేల మీద ఉన్న అందమంతా మన ప్రభువుకు తగినదేనని ఆయన నమ్మకం. రెండోది, మన గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను సంఘం. దాన్ని స్థాపించిన భక్త సింగ్ గారు పంజాబీ సిక్కు ఇంట్లో 1903లో పుట్టి, కెనడాలో చదువుకునేటప్పుడు క్రీస్తును నమ్మి, తిరిగొచ్చి చివరకు హైదరాబాదును ఇల్లు చేసుకున్నాడు. ఆయన సంఘాల్లో కుర్చీలు లేవు, చాపల మీద కూర్చుని ఆరాధన, కలిసి భోజనం. 2000లో ఆయన ఈ నగరంలోనే కన్నుమూశాడు. పంజాబీ ఒకరు, తమిళుడు ఒకరు తెలుగువాళ్ల మధ్య బతికి పోయారు. ఈ గల్లీలో పుట్టి పెరిగిన నువ్వు పరాయివాడివి ఎలా అవుతావు?

కథ తెలిసింది. ఇప్పుడు చెప్పడం.

మన పిల్లల్లో ఒక అలవాటు గమనించాను. విశ్వాసం గురించి మాట్లాడాల్సి వస్తే గొంతు మారిపోతుంది. అప్పటిదాకా పాతబస్తీ తెలుగులో, మధ్యలో నాలుగు ఉర్దూ ముక్కలు కలిపి హాయిగా మాట్లాడిన పిల్లవాడు ఒక్కసారి పుస్తకంలోంచి చదువుతున్నట్టు మాట్లాడతాడు. "నేను రక్షణ పొందితిని" అంటాడు. "సాక్ష్యం చెప్పనా?" అంటాడు. సాక్ష్యం అంటే బయటివాళ్లకు కోర్టు గుర్తొస్తుంది, రక్షణ అంటే పోలీసులు. ఇవి మనకు ప్రియమైన మాటలు, సంఘంలో వాడదాం. గల్లీలో మాత్రం గల్లీ మాటల్లోనే చెప్పాలి. పేతురు ఎంత కాదన్నా అతని గలిలయ యాస అతన్ని పట్టించేసింది. నీ యాస కూడా నీ నమ్మకానికి తోడు రావాలి, అడ్డు కాకూడదు.

ఒక పని చెయ్యి. నోట్‌బుక్ తీసి, ఎవరైనా అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేటంత జవాబు రాసుకో. చర్చి మాట ఒక్కటి కూడా రానీయకు. ఉదాహరణకు ఇలా: "అవును అన్నా, మేం క్రిస్టియన్స్‌మే. మా నాయనమ్మ అప్పటినుంచి ఏసు ప్రభువును నమ్ముకున్నాం. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు తీసుకపోతే పోయేటోణ్ని. ఇంటర్ ఫెయిలైనప్పుడు ఎవరికీ మొహం చూపించలేక ఒంటరిగా కూర్చున్నా. అప్పుడు ప్రార్థన చేసుకుంటుంటే, నన్ను ఆయన వదిలెయ్యలేదని మనసుకు తెలిసింది. అప్పటినుంచి నమ్మకం నాదైంది." ఇంతే. ఇందులో ఎవరి దేవుణ్నీ తక్కువ చెయ్యలేదు. ఎవరూ కాదనడానికి వీల్లేదు, ఎందుకంటే ఇది నీకు జరిగింది. నీది ఇంటర్ కాకపోవచ్చు. నాన్న తాగుడు కావచ్చు, ఆస్పత్రి మంచం కావచ్చు, ఏ కష్టమూ లేకుండానే ఒక ఆదివారం మనసు కరిగి ఉండవచ్చు. జరిగింది జరిగినట్టు రాయి. పెంచి రాయకు. పెంచి చెప్పిన సాక్ష్యం నిన్నే లోపలి నుంచి తినేస్తుంది.

పాతబస్తీలో నీ ప్రశ్నలు సగం ముస్లిం స్నేహితుల నుంచి వస్తాయి. ఇది మనకు వరమే. వాళ్లకు "ఈసా" పేరు కొత్త కాదు, మరియమ్మ పేరుతో ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. ప్రార్థన, ఉపవాసం, దేవుని భయం అంటే ఏమిటో వాళ్లకు వివరించనక్కర్లేదు. అయితే తేడా చిన్నది కాదు. ఆయన సిలువ మీద చనిపోయాడని వాళ్లు ఒప్పుకోరు, దేవుని కుమారుడన్న మాట వాళ్లకు మింగుడుపడదు. ఆ తేడాను దాచి "అన్నీ ఒకటే" అంటే నువ్వు మర్యాదస్తుడివి అవుతావేమో గానీ, నమ్మకస్తుడివి కావు. అడిగితే చెప్పు: "మీరు నబీ అంటారు, మేం ప్రభువు అంటాం. నేను వాదించడానికి రాలేదు, అడిగావు కాబట్టి చెబుతున్నా." ఆ తర్వాత ఇద్దరూ చాయ్ తాగండి. రంజాన్‌లో అతను ఉపవాసం ఉన్న పూట అతని ముందు తినకు. ఈ గల్లీలో మర్యాద కూడా సాక్ష్యమే.

ఇక ప్రసాదం. ఆషాఢం వచ్చిందంటే లాల్ దర్వాజా బోనాలు, తర్వాత వినాయక చవితి. పొరుగింటి అక్క గిన్నెతో గుమ్మంలో నిలబడుతుంది. ప్రతి ఏడాదీ నా దగ్గరికి వచ్చే ప్రశ్న ఇదే: "ఏం చెయ్యాలి అన్నా?"

దానియేలు దగ్గరికి వెళ్దాం. బబులోనుకు చెరగా వెళ్లిన కుర్రాడు. అక్కడివాళ్లు పేరు మార్చి బెల్తెషాజరు అన్నారు, పలికాడు. వాళ్ల భాష, వాళ్ల శాస్త్రాలు నేర్చుకోమన్నారు, అందరికంటే బాగా నేర్చుకున్నాడు. రాజు కొలువులో ఉద్యోగం చేశాడు. రాజు పళ్లెం దగ్గర మాత్రం ఆగాడు. ఆగిన తీరు చూడు. పళ్లెం విసిరికొట్టలేదు, వంటవాణ్ని తిట్టలేదు. ఆ అధికారికి ఇబ్బంది కలగకుండా, పది రోజులు పరీక్షించి చూడమని బతిమాలుకున్నాడు. ఇంకా ముఖ్యమైనది, ఎక్కడ ఆగాలో మనసులో ముందే నిశ్చయించుకున్నాడు. పళ్లెం ఎదురుగా వచ్చాక ఆలోచిస్తే మొహమాటమే గెలుస్తుంది.

కాబట్టి నువ్వూ ముందే తేల్చుకో, నీ గీత ఎక్కడో. కొరింథులో విశ్వాసులకూ ఇదే తగువు వచ్చింది. పౌలు ఒకరి మనస్సాక్షి మీద ఇంకొకరిని న్యాయాధిపతిగా కూర్చోబెట్టలేదు. తీసుకోకూడదని నీ మనస్సాక్షి చెబితే ఇలా అను: "అక్కా, మీ ఇంట్లో అన్నం ఎప్పుడు పెట్టినా తింటా. దేవుడి దగ్గర పెట్టింది మాత్రం మా నమ్మకం ప్రకారం తీసుకోను. మనసులో పెట్టుకోవద్దు." నవ్వుతూ, కళ్లలోకి చూస్తూ చెప్పు. తర్వాత లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు కూర్చో, పిల్లల చదువు అడుగు. గిన్నె తీసుకుని తలుపేసి చెత్తబుట్టలో వేసేవాళ్లను చూశాను. అది అక్కకూ అవమానం, నీకూ అబద్ధం. క్రిస్మస్‌కు కేకు పట్టుకుని ముందుగా వెళ్లాల్సింది కూడా ఆ ఇంటికే. వాళ్లు తీసుకోకపోతే నువ్వూ మనసులో పెట్టుకోవద్దు.

బొట్టు సంగతి ఆడపిల్లలు నాకంటే బాగా చెప్పగలరు. "బొట్టు లేకుండా అలా ఉన్నావేం?" అని కాలేజీలో అడిగితే "మా ఇంట్లో పెట్టుకోమండీ, క్రిస్టియన్స్‌మి" అని ఒక్క ముక్కలో చెప్పి పాఠంలోకి వెళ్లిపోవచ్చు. పొడుగ్గా సంజాయిషీ ఇవ్వడం మొదలుపెడితే నువ్వేదో తప్పు చేసినట్టు అవతలివాళ్లకు అనిపిస్తుంది, చివరకు నీకూ అనిపిస్తుంది.

కష్టమైన విషయానికి వస్తున్నాను. చాలా పుస్తకాలు దీన్ని దాటేసి వెళ్తాయి. మన పిల్లలు పూర్తి పేరు దగ్గర ఆగిపోవడానికి అసలు కారణం చాలా ఇళ్లలో సిగ్గు కాదు, సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ-సీ కిందకు వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. అందుకే ఆదివారం ఒక మనిషి, దరఖాస్తు ఫారంలో ఇంకో మనిషి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని క్రైస్తవ ఆచారంలో ఉన్న ఒక మహిళ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే ఇవ్వడం కుదరదని చెప్పింది.

నా మనసులో మాట చెబుతాను. బాప్తిస్మం నీళ్లతో అంటరానితనం కడుక్కుపోదు. ఊళ్లో బాప్తిస్మం తీసుకున్నవాణ్ని ఇంకా అదే కులం పేరుతో పిలుస్తున్నప్పుడు, హోదా ఒక్కటే తీసెయ్యడం న్యాయం కాదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా మతంతో సంబంధం లేకుండా ఆ హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఈ న్యాయం కోసం బాహాటంగా అడగాలి, దస్తఖత్తు పెట్టాలి, ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి. కానీ ఫారం మీద నువ్వు పెట్టే సంతకం నీ సాక్ష్యం. అందులో నీ మనసుకు తెలిసి అబద్ధం ఉంటే, సంఘంలో ఎంత పెద్దగా పాడినా లోపల ఒక తలుపు మూసే ఉంటుంది. దీని మీద అమ్మానాన్నలను నిలదీయకు. నీ ఫీజు కట్టలేక, నీ భవిష్యత్తు కోసం వాళ్లు ఆ దారి పట్టి ఉంటారు. వాళ్లతో కూర్చుని మెల్లగా మాట్లాడు, చట్టం తెలిసిన వకీలును అడుగు, బీసీ-సీలో నీకు ఏం దక్కుతుందో లెక్క చూసుకో. నిర్ణయం తీసుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆలోపు నిన్ను ఎవరైనా ఫోన్‌లో "దొంగ" అంటే కుంగిపోకు. దేవుని ముందు నిజాయితీగా వెతుకుతున్నవాడు దొంగ కాడు.

బయటివాళ్లు అనే మాటల కంటే లోపలివాళ్ల మాటలు లోతుగా దిగుతాయి. గుర్రం జాషువా గారిని గుర్తు చేసుకో. 1895లో వినుకొండలో పుట్టారు. పురాణ కథలతో కావ్యాలు రాసినందుకు క్రైస్తవులు నిందించారు, పుట్టిన కులం చూసి పండిత సభలు దూరం పెట్టాయి. రెండు వైపుల నుంచీ దెబ్బలు తింటూ ఆయన రాస్తూనే పోయారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన సంఘాల్లో కూడా ఫలానా కులంవాళ్ల చర్చి, ఫలానావాళ్ల పెళ్లి సంబంధం అన్న లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె, సంబంధాల దగ్గర వేరే గిన్నె. నీ తరం దీన్ని ఆపకపోతే, బయట ఎంత ధైర్యంగా పేరు చెప్పినా ఆ పేరుకు విలువ ఉండదు.

ఫోన్‌లో మనల్ని "గొర్రెలు" అని రాసేవాళ్ల గురించి ఒక్క మాట. రాత్రి పదింటి తర్వాత జవాబు రాయకు. పొద్దున లేచి, ప్రార్థన చేసుకుని, అప్పటికీ రాయాలనిపిస్తే రాయి. దాదాపు ఎప్పుడూ అనిపించదు.

మా కూడికలో కొత్తగా వచ్చినవాళ్లకు నేను ఇచ్చే మొదటి పని ఇదే, నీకూ ఇస్తున్నాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చో. "మన ఇంట్లో మొదట నమ్మింది ఎవరు? ఏ ఊళ్లో? అప్పుడు ఊరివాళ్లు ఏమన్నారు?" అని అడుగు. ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. వాళ్లు చెప్పిన ఊరి పేరు, బావి పేరు, మనిషి పేరు, బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి పేరు అన్నీ రాసిపెట్టు. నేను మా నాయనమ్మను అడుగుదామనుకుంటూనే రెండేళ్లు గడిపాను. ఆమె పోయింది. నువ్వు వచ్చే వారానికి వాయిదా వెయ్యకు.